మునిగిన నగరాలు: నిజంగా దొరికినవి ఏవి, వట్టి కథలు ఏవి?

లాంతరు_వెలుగు
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. 'మాయమైన నగరం' అనే విషయం మీద బడిలో పది నిమిషాలు మాట్లాడాలట. వారం రోజులు ఫోనులో వీడియోలు చూసి అట్లాంటిస్‌ను ఎంచుకుంది. "దాన్ని ఎవరు చూశారు?" అని అడిగాను. "ఎవరూ చూడలేదు, కానీ ఉంది" అంది. నాకు మింగుడుపడలేదు. నేనూ కూర్చుని ఆ వీడియోలు చూశాను. ద్వారక గురించి చెప్పినా, అట్లాంటిస్ గురించి చెప్పినా చూపించేది ఒకటే బొమ్మ. పచ్చటి నీళ్లు, విరిగిన స్తంభాలు, మధ్యలో చేపలు. రెండు ఊళ్లకు ఒకే బొమ్మ అతికిస్తే పిల్లలకు నిజం ఎలా తెలుస్తుంది? నాకు నిజంగా కోపం వచ్చింది.

తెలిసినవారు చెప్పండి. మునిగిపోయి, మళ్లీ నిజంగా దొరికిన నగరాలు ఏవి? ఇంకొకటి మా అమ్మాయి ప్రశ్న, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఊరు మునగడం అంటే నీళ్లు పైకి వస్తాయా, నేల కిందికి పోతుందా?"

పాత_పటం
ఆ ప్రశ్న అడిగిన అమ్మాయికి సగం జవాబు దొరికినట్టే. చాలా నగరాల విషయంలో కిందికి పోయింది నేలే.

20,000 ఏళ్ల కిందట మంచుయుగం ముదిరి ఉన్నప్పుడు సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు తక్కువ. మంచు కరుగుతూ వచ్చి, సుమారు 7,000 ఏళ్ల కిందటికల్లా ఆ పెరుగుదల బాగా నెమ్మదించింది. మెసొపొటేమియాలో ఉరుక్ లాంటి తొలి నగరాలు లేచింది ఆ తరువాతే. కాబట్టి మంచు కరిగిన నీళ్లకు మునిగినవి వేటగాళ్ల విడిదులు, చిన్న పల్లెలు. నగరాలను ముంచినవి వేరు. ఒకచోట భూకంపం, ఒకచోట కట్టడాల బరువుకు కుంగిన బంకమట్టి, ఒకచోట అగ్నిపర్వతం. ఏ నగరం కారణం దానిదే. అన్నిటికీ ఒకే ప్రళయం అంటగట్టే వీడియోను అక్కడితో ఆపేయండి.

నీలి_సిరా
అట్లాంటిస్ గురించి ఉన్నదల్లా గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన రెండు సంవాదాలే, క్రీ.పూ. 360 ప్రాంతానివి. సోలన్ అనే ఏథెన్స్ పెద్దమనిషికి ఈజిప్టులోని సాయిస్ నగరంలో ఒక పూజారి చెప్పాడని, 9,000 ఏళ్ల కిందట ఒక్క పగలు, ఒక్క రాత్రిలో ఆ ద్వీపం మునిగిందని అందులో ఉంది. గర్వించిన రాజ్యం ఏథెన్స్ చేతిలో ఓడి, ఆ తరువాత మునుగుతుంది. తన ఊరి మంచి పాలనను పొగడడానికి అల్లిన కథ అది. ఆయన తరువాత వచ్చినవాళ్లందరూ ఆయన మాటే తిప్పి చెప్పారు.

గోదారి_గట్టు
ఇంత తొందరగా కొట్టిపారేయకండి. హోమర్ కావ్యంలోని ట్రాయ్ నగరాన్ని కూడా కవి కల్పన అన్నారు. ష్లీమన్ అనే జర్మన్ 1870లలో టర్కీలోని హిసార్లిక్ దిబ్బ తవ్వితే నగరం బయటపడింది. రేపు అట్లాంటిస్ బయటపడదని ఎలా చెప్పగలరు?

నీలి_సిరా
@గోదారి_గట్టు ట్రాయ్‌తో పోలిక కుదరదండీ. దాని చోటు పూర్వులకు తెలుసు. గ్రీకులు, రోమన్లు అదే దిబ్బ మీద ఇలియన్ అనే పట్నం కట్టుకుని బతికారు. అలెగ్జాండర్ దండయాత్రకు వెళ్తూ అక్కడ ఆగి పూజలు చేశాడు. మరిచిపోయింది తరువాతి ఐరోపావాళ్లు. అట్లాంటిస్‌లో తాను ఆగానని చెప్పినవాడు ఒక్కడూ లేడు.

విశాఖ_వాన
అయితే ప్లేటో ఆ ఊహ ఎక్కడినుంచి తెచ్చుకున్నాడు? ఊరు మునగడం ఊరికే తట్టే ఆలోచన కాదు కదా.

రాతి_లంగరు
విశాఖ_వాన గారి ప్రశ్నకు నా జవాబు హెలికే. కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి. ఈ ఊరంటే నాకు పదిహేనేళ్లుగా ప్రాణం.

గ్రీసులో కొరింథ్ సింధుశాఖ దక్షిణపు ఒడ్డున, అఖేయా ప్రాంతంలో ఉండేది హెలికే. సముద్రదేవుడు పొసైడన్ ఆలయానికి పేరుపడ్డ ఊరు. క్రీ.పూ. 373 చలికాలంలో ఒక రాత్రి భూమి కంపించింది, ఆ వెంటనే సముద్రం మీదపడింది. తెల్లారేసరికి ఊరు లేదు. అఖేయావాళ్లు రెండువేల మందిని పంపినా శవాలను కూడా వెలికితీయలేకపోయారని ప్రాచీన భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. రేవులో ఉన్న పది స్పార్టా ఓడలు కూడా ఊరితోపాటే పోయాయి. అయిదు రోజుల ముందే ఎలుకలు, పాములు, జెర్రులు గుంపులు కట్టి ఊరు వదిలి వెళ్లాయని, జనం వింతగా చూశారని ఏలియన్ అనే రోమన్ కాలపు రచయిత రాశాడు.

అప్పటికి ప్లేటో వయసు యాభై దాటింది. ఏథెన్స్‌లో ఈ వార్త తెలియనివాడు ఉండడు. పది పన్నెండేళ్ల తరువాత ఆయన రాసిన కథలో ఒక రాజ్యం ఒక్క రాత్రిలో మునిగింది. నిరూపించలేను. కానీ నేను నమ్ముతాను.

మిరియాల_చారు
ఎలుకలు వెళ్లిపోతే భయపడాలన్నమాట. మా అమ్మమ్మకు చెప్తే బోను తీసి దాచేస్తుంది.

విశాఖ_వాన
హెలికే ఇప్పటికీ కొరింథ్ సింధుశాఖ అడుగున ఉంది కదా? ఎక్కడో చదివాను. మునుగీతగాళ్లు వెళ్లి చూడవచ్చా?

రాతి_లంగరు
అక్కడే అందరూ పొరపడ్డారు, వందల ఏళ్లు! ఇదే నాకు ఈ కథలో ప్రాణం.

హెలికే మునిగిన నూట యాభై ఏళ్లకు ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఆ చోటు చూడడానికి వెళ్లాడు. పడవవాళ్లు ఆయనతో ఏమన్నారంటే, కంచు పొసైడన్ విగ్రహం నీళ్లలో నిలబడే ఉంది, చేతిలో నీటిగుర్రం బొమ్మ ఉంది, మా వలలు దానికి తగులుకుంటున్నాయి అన్నారు. ఆ నీటికి వాడిన గ్రీకు మాట 'పోరోస్'. అందరూ దాన్ని సముద్రపు పాయ అనుకుని సింధుశాఖ అడుగున వెతికారు. 1988లో డోరా కట్సోనోపులు, స్టీవెన్ సోటర్ మొదలుపెట్టిన బృందం కూడా ముందు సముద్రం అడుగునే ధ్వని తరంగాలతో గాలించింది. ఏమీ కనపడలేదు.

అప్పుడు ఆ మాట దగ్గరకే తిరిగి వెళ్లారు. పోరోస్ అంటే సముద్రమే కానక్కరలేదు, ఒడ్డు లోపల ఉండే ఉప్పునీటి కయ్య కూడా కావచ్చు. మన పులికాట్ సరస్సు లాంటిది, ఇంకా చిన్నది. ఊరు కుంగి కయ్యలో మునిగింది. తరువాత కొండల నుంచి దిగే నదులు ఒండ్రు తెచ్చి ఆ కయ్యను పూడ్చేశాయి. అలా అనుకుని తీరం లోపలి పొలాల్లో బోర్లు వేశారు. 2001లో రిజోమైలోస్ ఊరి దగ్గర తోటల కింద హెలికే దొరికింది. సముద్రంలో కాదు, నారింజ, ఆలివ్ తోటలున్న నేలలో! ఆ మట్టి పొరల్లో ఉప్పునీటి కయ్యల్లో బతికే సూక్ష్మజీవుల గుల్లలు ఉన్నాయి. గోడలు పడిన తీరూ భూకంపాన్ని చెబుతోంది.

ఇంకో సంగతి. ఆ తవ్వకాల్లో అదే మైదానంలో మరో ఊరు కూడా బయటపడింది, కంచుయుగం తొలినాళ్లది, హెలికే కంటే రెండు వేల ఏళ్లు పాతది. అదీ ఒండ్రు కిందే. మునిగిన ఊరి పొరుగునే, వాళ్లకు తెలియకుండా, అంతకు ముందు పోయిన ఊరు.

లాంతరు_వెలుగు
ఇది చదువుతూ ఉండగానే మా అమ్మాయిని పిలిచి వినిపించాను. రెండో ఊరి దగ్గరకు వచ్చేసరికి నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

గోదారి_గట్టు
ఒప్పుకుంటున్నాను, ఇది అట్లాంటిస్ కంటే బాగుంది. కానీ తోటల కింద దొరికిన ఊరిని 'మునిగిన నగరం' అంటే పిల్లలకు రుచించదు. నీళ్లలో ఉన్నది చెప్పండి.

శిలాక్షరం
నీళ్లలో ఉన్నది కావాలంటే థోనిస్-హెరాక్లియన్. ఈజిప్టులో, అలెగ్జాండ్రియాకు తూర్పున అబూకిర్ అఖాతంలో, ఇప్పటి ఒడ్డుకు ఆరున్నర కిలోమీటర్ల దూరాన, పది మీటర్ల లోపు లోతులో ఉంది. ఫ్రాంక్ గోడియో బృందం 2000లో కనుక్కుంది.

అలెగ్జాండ్రియా పుట్టకముందు ఈజిప్టు సముద్ర ద్వారం ఇదే. నైలు నది పడమటి పాయ మొగలో, దీవుల మీద, కాలువల మధ్య కట్టిన రేవు. గ్రీసు నుంచి వచ్చే ప్రతి ఓడా ఇక్కడ సుంకం కట్టి లోపలికి వెళ్లాలి. అడుగున అరవైకి పైగా ఓడలు, ఏడు వందల లంగర్లు దొరికాయి. నైలు వరదను దేవుడిగా కొలిచిన హాపీ విగ్రహం ముక్కలుగా దొరికింది, అతికితే 5.4 మీటర్ల ఎత్తు. ఎర్ర రాయి.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైనది ఒక నల్లరాతి శాసనం. రాజు మొదటి నెక్తనెబో, క్రీ.పూ. 380. రెండు మీటర్ల ఎత్తు, ఒక్క అక్షరం చెదరలేదు. గ్రీకుల నుంచి వచ్చే సరుకు మీద పదోవంతు నీత్ దేవత ఆలయానికి చెందాలని అందులో ఉంది. అదే పాఠం ఉన్న జంట శాసనం 1899లోనే ఈజిప్టులో గ్రీకు వర్తకులుండే నౌక్రాటిస్ పట్నంలో దొరికింది. రెండూ మాటకు మాట సరిపోతాయి, ఒక్కచోట తప్ప. ఏ ఊరిలో నిలబెట్టాలో చెప్పే చోట దీనిలో థోనిస్ పేరుంది. అప్పటిదాకా థోనిస్, హెరాక్లియన్ రెండు ఊళ్లనుకునేవారు. గ్రీకులు హెరాక్లియన్ అన్నదీ, ఈజిప్టువాళ్లు థోనిస్ అన్నదీ ఒకే ఊరని ఈ రాయితో తేలింది. శాసనాలు చదివేవాళ్లకు ఇంతకు మించిన పండుగ ఏముంటుంది!

పాత_పటం
ఆ ఓడల్లో ఒకటి, 17 సంఖ్య వేసినది, గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ మాటను నిలబెట్టింది. క్రీ.పూ. అయిదో శతాబ్దంలో నైలు మీద తాను చూసిన 'బారిస్' అనే పడవ తయారీని ఆయన వర్ణించాడు. తుమ్మ జాతి చెట్టు కలపను పొట్టి పలకలుగా కోసి ఇటుకల్లా పేర్చుతారని, చుక్కాని కర్ర అడుగు దూలం గుండా దిగుతుందని. అలాంటి పడవ ఎవరూ చూడలేదు కాబట్టి ఆ వాక్యాల అర్థం మీద పండితులు వాదులాడుకుంటూ వచ్చారు. థోనిస్ బురద ఆ పడవను అలాగే దాచిపెట్టింది.

విశాఖ_వాన
థోనిస్‌ను సునామీ ముంచిందా?

ఒండ్రుమట్టి
ఇక్కడ నేను మాట్లాడాలి. పునాదుల కోసం నేల పరీక్షలు చేయడం నా ఉద్యోగం, పన్నెండేళ్లుగా డెల్టా భూముల్లోనే.

ఒక్క దెబ్బతో కాదు. నైలు మొగ నేల నీళ్లు నిండిన బంకమట్టి, ఇసుక. దాని మీద పెద్ద పెద్ద రాతి గుళ్లు కట్టారు. అలాంటి నేల పైకి గట్టిగా కనపడుతుంది. భూకంపం వచ్చినా, పెద్ద వరద బరువు మీద పడినా రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవడం మానేస్తాయి. ఆ కాసేపు నేల ద్రవమే. పైనున్న గోడ నిలువునా దిగబడుతుంది. కదలిక ఆగగానే మళ్లీ గట్టిపడుతుంది, దిగిన గోడ లోపలే ఉండిపోతుంది. థోనిస్ పెద్ద గుడి క్రీ.పూ. రెండో శతాబ్దం చివర ఇలా కూలింది. జనం మిగిలిన దీవుల మీద ఇంకా కొన్ని వందల ఏళ్లు ఉన్నారు. ఎనిమిదో శతాబ్దం ముగిసేసరికి మొత్తం నీళ్ల కింద.

ప్రాచీనం కాకపోయినా జమైకాలోని పోర్ట్ రాయల్ దీనికి కళ్లకు కట్టే ఉదాహరణ. 1692 జూన్ 7న భూకంపానికి ఊరిలో మూడింట రెండు వంతులు నిమిషాల్లో సముద్రంలోకి జారింది. కింద ఇసుక. మెడల దాకా నేలలో కూరుకుపోయినవాళ్ల గురించి బతికినవాళ్లు రాశారు.

బీచికి వెళ్లినప్పుడు తడి ఇసుకలో ఒకేచోట నిలబడి పాదాలు ఆడించండి. నీరు పైకి వస్తుంది, పాదం దిగుతుంది. థోనిస్ అంతే. మా పనిలో బోరు వేసినప్పుడు పైకొచ్చే మట్టిని చేత్తో నలిపి చూస్తాను. ఈ ఊరి గురించి చదివిన రోజు నుంచి ఆ మట్టిని చూసే తీరు మారింది.

శిలాక్షరం
రాతి_లంగరు గారు ప్లేటో దగ్గర ఆపారు, నేను రాసిన శాసనాన్ని దానికి కలిపి చూడండి. పదోవంతు సుంకం వెళ్లింది నీత్ దేవతకు అన్నాను కదా. ఆ నీత్ ఆలయం ఉన్నది సాయిస్‌లో. నీలి_సిరా గారు చెప్పిన సాయిస్ అదే! ప్లేటో కథలో సోలన్‌కు పూజారి కథ చెప్పింది ఆ ఊరిలోనే. ఆ దేవతనే గ్రీకులు తమ అథేనా అంటారని ప్లేటో కూడా రాశాడు.

క్రీ.పూ. 380లో శాసనం, 373లో హెలికే, 360 ప్రాంతంలో ప్లేటో రచన. లేని నగరం కథను చెప్పిన ఆలయానికి సుంకం పంపిన నగరం నిజంగా ఉండేది, తరువాత నిజంగా మునిగింది. ఆ సంగతి ప్లేటోకు తెలిసే అవకాశమే లేదు.

నీలి_సిరా
రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఇన్నేళ్లు ఆ సంవాదం చదివాను, సాయిస్‌ను ఈ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు.

గవ్వల_మూట
ఓడ ఉద్యోగంలో ఉండగా నేపుల్స్ రేవులో మూడు రోజులు ఆగాం. అక్కడికి దగ్గరలో పొజువోలి అనే ఊరు, మధ్యలో రోమన్ల నాటి అంగడి శిథిలం. మూడు పాలరాతి స్తంభాలు నిలబడి ఉన్నాయి. కింద నున్నగా ఉన్నాయి, మనిషి ఎత్తుకు రెండింతలు దాటాక నడుము పట్టీలా చుట్టూ తూట్లు. సముద్రపు ఆల్చిప్ప జాతి జీవులు రాయిని తొలిచిన తూట్లు అవి! అంటే ఆ స్తంభాలు కట్టాక సముద్రంలో అంత లోతుకు దిగాయి, జీవులు వాటిలో కాపురాలు పెట్టాయి, మళ్లీ పైకి లేచాయి. నిలబడే ఉన్నాయి, పడలేదు. 1830లో లయల్ తన భూగర్భశాస్త్ర గ్రంథానికి ముఖచిత్రంగా ఈ స్తంభాలనే పెట్టుకున్నాడు.

కింద అగ్నిపర్వతం ఉంది. అది ఉబ్బితే ఊరు లేస్తుంది, తగ్గితే దిగుతుంది. 1982, 84 మధ్య పొజువోలి దాదాపు 1.8 మీటర్లు పైకి లేచి, పడవలు కట్టే రేవులో నీళ్లు చాలలేదు. పక్కనే బైయే. రోమన్ ధనవంతుల విలాస నగరం, ఇప్పుడు అయిదారు మీటర్ల నీళ్లలో ఉంది. అడుగున అద్దం బిగించిన పడవలో తీసుకెళ్తారు. ఇసుక తుడిస్తే రంగురాళ్ల గచ్చు కనపడింది, నలుపు తెలుపు. ఎవరి ఇంటి నడవో అది. పడవలో అందరూ మాట్లాడటం మానేశారు.

లాంతరు_వెలుగు గారూ, పాపకు చెప్పండి: నేల కిందికి పోవడమే కాదు, తిరిగి పైకి కూడా వస్తుంది.

కొత్త_సభ్యుడు_7
గ్రీసులో పావ్లోపెట్రి అని ఇంకొకటి ఉంది కదా?

రాతి_లంగరు
ఉంది. లకోనియా తీరంలో 1967లో నికొలస్ ఫ్లెమింగ్ చూశాడు. మూడు నాలుగు మీటర్ల లోతే. వీధులు, ఇళ్ల పునాదులు, సమాధులు పటం గీసినట్టు కనపడతాయి. అయిదు వేల ఏళ్ల పాతది. దాని అసలు పేరు ఎవరూ రాసిపెట్టలేదు.

గోదారి_గట్టు
ఇంతసేపూ గ్రీసు, ఈజిప్టు, ఇటలీ. మన ద్వారక సంగతి ఎవరూ ఎత్తరేం? కృష్ణుడు వెళ్లిపోయాక సముద్రం ద్వారకను ముంచిందని భారతంలోనే ఉంది. వాళ్ల స్ట్రాబో రాస్తే చరిత్ర, మన వ్యాసుడు రాస్తే కథా?

పాత_పటం
న్యాయమైన ప్రశ్న. స్ట్రాబోను కూడా తవ్వి చూశాకే నమ్మారని హెలికేలో చూశాం. ద్వారకకూ అదే కొలబద్ద పెడదాం.

గుజరాత్‌లోని సింధు నాగరికత పట్నం లోథల్ తవ్విన ఎస్.ఆర్.రావు గారే 1980లలో గోవా జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ తరఫున ద్వారక ఒడ్డున నీళ్లలో వెతికించారు. రాతి కట్టడాలు, పదుల కొద్దీ రాతి లంగర్లు దొరికాయి. ఆయన వాటిని క్రీ.పూ. 1500 ప్రాంతానివన్నారు. అదే సంస్థలో తరువాత పనిచేసిన పరిశోధకులు మళ్లీ పరిశీలించి, వాటిలో చాలా భాగం అంతకంటే చాలా తరువాతి రేవుకు చెందినవన్నారు. లంగరు రాయికి వయసు కట్టడం కష్టం, ఒకే ఆకారం వందల ఏళ్లు వాడతారు. ద్వారక శతాబ్దాల పాటు పెద్ద రేవు అన్నది మాత్రం ఎవరూ కాదనలేదు. 2025 ఫిబ్రవరిలో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ అక్కడ నీటి అడుగున మళ్లీ పని మొదలుపెట్టింది.

గోదారి_గట్టు
రావు గారి మాటను తరువాతివాళ్లు కాదన్నంత మాత్రాన అది తప్పయిపోదు. నేను ద్వారక వెళ్లాను. గోమతి సముద్రంలో కలిసే చోట మెట్ల మీద కూర్చుంటే, ఊరు ఈ నీళ్ల కింద ఉందన్న మాట నాకు తేదీలతో పని లేకుండా నిజమనిపించింది. అయితే 9,500 ఏళ్ల నగరం అంటూ ఖంభాత్ అఖాతం వీడియోలు తిరుగుతున్నాయి. వాటి మీద నాకూ నమ్మకం లేదు.

ఒండ్రుమట్టి
ఖంభాత్ సంగతి 2001లో ప్రకటించారు. ధ్వని తరంగాల చిత్రాల్లో గీతలు కనపడ్డాయి, అడుగు నుంచి గీరి తీసిన వాటిలో ఒక చెక్కముక్కకు ఆ వయసు వచ్చింది. చెక్క వయసు నిజమే కావచ్చు. కానీ అక్కడి పోటుపాట్ల ఉరవడి మన దేశంలోనే పేరుమోసింది, ఏ ముక్క ఎక్కడినుంచి కొట్టుకొచ్చిందో తెలియదు. పొరలో ఉండగా తీసిన ముక్కకూ, గీరి తీసిన ముక్కకూ చాలా తేడా. నా బోరులో పొర చెప్పకుండా మట్టి ఇస్తే నేను పునాదికి సంతకం పెట్టను.

చెన్నపట్నం_చెల్లి
ద్వారక మెట్ల మీద మీకు అనిపించినది నాకు పూంపుహార్‌లో అనిపించింది, గోదారి_గట్టు గారూ. కావేరి సముద్రంలో కలిసే చోట చోళుల రేవు. ఇంద్రోత్సవం మానేసినందుకు సముద్రం మింగిందని పాత తమిళ కావ్యం మణిమేకలై చెబుతుంది. ఇప్పుడు ఒడ్డున నిలబడితే కావేరి సన్నటి పాయ.

2004 డిసెంబరు 26న మహాబలిపురంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు వరుసగా రాళ్లు చూశామని అక్కడివాళ్లు చెప్పారు. అల తిరిగి వెళ్లాక ఇసుకలోంచి చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. ఆ తరువాత తవ్వితే గుడి పునాది కనపడింది. 'ఏడు గోపురాల ఊరు' అని ఓడవాళ్లు తరతరాలుగా చెప్పుకున్న మాట వట్టిది కాదేమో అని ఆ రోజుల్లో అందరూ అన్నారు. అదే ఉదయం ఎన్ని ఊళ్లు పోయాయో తలుచుకుంటే ఆ రాళ్ల గురించి సంతోషంగా మాట్లాడటానికి నోరు రాదు.

ఉప్పాడ_అల
ప్రాచీనం కోసం వెతుకుతున్నారు, మాది కాకినాడ పక్కన ఉప్పాడ. మా నాన్న చిన్నప్పుడు ఆడుకున్న వీధి ఇప్పుడు సముద్రంలో ఉంది. గుళ్లు పోయాయి, ఇళ్లు పోయాయి. 2020లో నివర్ తుఫాను వెళ్లాక ఒడ్డు ఇసుకలో బంగారం రవ్వలు దొరుకుతున్నాయని జనం దువ్వెనలు పట్టుకుని కూర్చున్నారు. పోయిన ఇళ్లవీ, గుళ్లవీ అని మా పెద్దవాళ్లు అన్నారు. వేల ఏళ్ల తరువాత ఎవరైనా మా ఊరి కోసం వెతుకుతారా అని ఈ చర్చ చదువుతుంటే అనిపించింది.

లాంతరు_వెలుగు
ఉప్పాడ_అల గారూ, ఆ వీధి పేరేమిటి?

ఉప్పాడ_అల
నాన్నను అడిగి రాస్తాను. పేరు ఆయనకు గుర్తుండాలి.

కృష్ణమ్మ_ఒడ్డు
రెండు రోజులుగా చదువుతున్నాను, ఒక్కరూ విజయపురి పేరు ఎత్తలేదు. అందుకే రాస్తున్నాను.

ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ లోయలో. మూడో, నాలుగో శతాబ్దాలు. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు. మొదటి రాజు శాంతమూలుడి సోదరి చాంతిసిరి కట్టించిన మహాచైత్యం, సింహళ భిక్షువుల విహారం, నది ఒడ్డున శివాలయాలు, మెట్ల కోనేరు, మెట్లమీద కూర్చుని చూసే రంగస్థలం. అడవిలో కలిసిపోయి ఉన్నదాన్ని 1926లో గుర్తించారు. లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 31 దాకా తవ్వాడు. మహాచైత్యంలో చిన్న బంగారు భరిణెలో ధాతువు, అంటే పూజించే ఎముక ముక్క, దొరికింది.

1955 డిసెంబరు 10న సాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునుగుతుందని తెలుసు. 1954 నుంచి 60 దాకా ఆర్.సుబ్రహ్మణ్యం గారి నాయకత్వంలో లోయ మొత్తం తవ్వారు, నీళ్లు వచ్చేలోగా. పాతరాతియుగం నుంచి మధ్యయుగం దాకా మనుషులు అక్కడే ఉన్నట్టు తేలింది. కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి కొండమీదికీ, అనుపుకూ చేర్చి మళ్లీ కట్టారు. మిగిలింది నీళ్ల కింద.

మా నాయనమ్మది ఆ లోయలోని ముంపు ఊరు. పెళ్లయిన రెండేళ్లకు ఇల్లు విప్పి దూలాలు, తలుపులు బండి మీద వేసుకుని వచ్చేశారు. ఆ తలుపు ఇప్పటికీ మా వంటింటికి ఉంది. మేం లాంచీలో కొండకు వెళ్లినప్పుడు ఆమె మ్యూజియం లోపలికి రాలేదు. రేవు దగ్గర కూర్చుని నీళ్లకేసి చూపిస్తూ "బావి అక్కడ, రావిచెట్టు ఇక్కడ" అంది. మేం లోపల పద్దెనిమిది వందల ఏళ్ల నాటి శిల్పాలు చూస్తున్నాం, ఆమె తన ఊరు చూస్తోంది.

సాగర్ నీళ్లతో మా పొలమే పండింది. ఆ నీళ్లు వద్దని నేను అనను. కానీ మునిగిన నగరాలు అనగానే ప్లేటో దాకా వెళ్లే మనం విజయపురి పేరు మరిచిపోతే నాకు బాధ కలుగుతుంది.

శిలాక్షరం
క్షమించండి, ఇది నేను రాయవలసింది. చాంతిసిరి శాసనాలు చదివినవాడిని.

గోదారి_గట్టు
శ్రీశైలం వెనక నీళ్లలో సంగమేశ్వరం కూడా అంతే. సప్తనదుల సంగమం దగ్గర వేపచెట్టు మొద్దుతో చేసిన శివలింగం. ఏడాదిలో ఎక్కువకాలం గుడి నీళ్లలోనే ఉంటుంది. నీళ్లు తగ్గినప్పుడు బురద కడిగి పూజలు చేస్తారు. మేం వెళ్లినప్పుడు గోపురం మీద నీటి గీతలు ఒకదాని కింద ఒకటి కనపడ్డాయి.

ఒండ్రుమట్టి
@కృష్ణమ్మ_ఒడ్డు నాయనమ్మ గారు బావి, చెట్టు ఎక్కడెక్కడో చెప్పినది ఎవరైనా కాగితం మీద గీశారా?

కృష్ణమ్మ_ఒడ్డు
లేదు. ఆమె ఇంకా మాతోనే ఉంది. ఈ ఆదివారం గీయిస్తాను.

ఉప్పాడ_అల
నాన్నను అడిగాను. పేరు చెప్పడమే కాదు, ఏ ఇంటి పక్కన ఎవరి ఇల్లో వరుసగా చెప్పుకుంటూ పోయారు. పద్నాలుగు ఇళ్లు. రాసుకున్నాను.

లాంతరు_వెలుగు
అందరికీ ధన్యవాదాలు. మా అమ్మాయి అట్లాంటిస్ వదిలేసింది. మొదటి అయిదు నిమిషాలు హెలికే, తరువాతి అయిదు నిమిషాలు విజయపురి అంటోంది. ఒకటి ఎవరికీ చెప్పకుండా మునిగింది, ఒకటి తేదీ చెప్పి మునిగింది, రెండూ పక్కపక్కన పెడతాను అంది. నేనేమీ చెప్పలేదు, తనే అనుకుంది.

ఒండ్రుమట్టి గారూ, మీకు ఒక ప్రశ్న. తడి ఇసుక సంగతి తరగతిలో చేసి చూపించాలట. పళ్లెంలో ఇసుక, నీళ్లు పోసి, మీద ఇటుక ముక్క నిలబెట్టి బల్లను కొట్టింది. ఇటుక దిగలేదు, పక్కకు పడిపోయింది. ఎక్కడ తప్పు?

ఒండ్రుమట్టి
పళ్లెం లోతు చాలదు, బక్కెట్టు తీసుకోండి. ఇసుక సన్నగా, ఒకే పరిమాణంలో ఉండాలి. జల్లించండి. అదిమి నింపకండి, ముందు నీళ్లు పోసి అందులోకి ఇసుకను వదులుగా చల్లండి. నీరు ఇసుక పైమట్టానికి సరిగ్గా సమంగా ఉండాలి, పైన నిలవకూడదు. ఇటుక బదులు పొట్టిగా, బరువుగా ఉన్నది పెట్టండి, ఇనుప గుండు లాంటిది. బల్లను కాదు, బక్కెట్టు పక్కన అరచేత్తో వరుసగా తట్టాలి.

ఇంకొకటి. నింపేటప్పుడే ఇసుక లోపల ఒక ప్లాస్టిక్ బంతి దాచమనండి. గుండు దిగుతుంటే బంతి పైకి తేలుతుంది. పిల్లలు అది చూసి అరుస్తారు.

లాంతరు_వెలుగు
బక్కెట్టు నింపుతోంది. బంతి కోసం పక్కింటికి పరిగెత్తింది.